మంజులమ్మ కుట్టిన బొమ్మల పుస్తకం

హోసూరు ఊరి చివర ఆ నాలుగు వీధుల్లో జాకెట్టు వదులైందని మంజులమ్మకు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. చెబితే, "నా కొలత తప్పలేదమ్మా, నువ్వే చిక్కిపోయినావు. ఇంట్లో తిండి పెట్టడం లేదా ఏమి?" అని నలుగురిలో అడిగేస్తుంది. బిగుతైందని చెప్పడం ఇంకా ప్రమాదం. అయినా అందరూ ఆవిడ దగ్గరికే వస్తారు. ఎందుకంటే మంజులమ్మ కుట్టు ఊడదు. బట్ట చిరగాలి గానీ కుట్టు ఊడకూడదు, అదీ ఆవిడ పంతం. ఈ మాట ఊళ్లోవాళ్లందరూ అంటారు. అందరికంటే ఎక్కువసార్లు అనేది మాత్రం ఆవిడే.

ఆవిడ పుట్టింది కల్లావిలో. పద్దెనిమిదేళ్లకు చెన్నకేశవను కట్టుకుని ఇక్కడికి వచ్చింది. అప్పుడిది చుట్టూ రాగి చేలున్న పల్లె, హోసూరు వేరే ఊరు. నలభై ఏళ్లలో హోసూరే నడుచుకుంటూ వచ్చి పల్లెను మింగేసింది. చుట్టూ ఫ్యాక్టరీలు, అపార్ట్‌మెంట్లు లేచాయి. చెన్నకేశవ మాత్రం మిగిలిన రెండెకరాల్లో ఇంకా రాగులు వేస్తాడు, ఓ మూల గులాబీలు పెంచుతాడు. మంజులమ్మ వసారాలో కాలు మిషను, దాని పక్కన ఓవర్‌లాక్ మిషను, గోడ పొడుగునా బటన్ల సీసాలు. "తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవంటారు. మా ఇంట్లో రెండూ ఒగరికే ఉండాయి" అని చెన్నకేశవ వచ్చినవాళ్లకు చెబుతుంటాడు, భార్య పాదాలను, మిషను తొక్కుడు పలకను చూపిస్తూ.

మేడ మీద గదుల్లో ఫ్యాక్టరీ పనికి వచ్చిన ఆంధ్రావాళ్లు అద్దెకుంటారు. కిందటేడు శ్రీకాకుళం వైపు నుంచి నాగవేణి, ధనుంజయ్ అనే జంట ఆరేళ్ల కూతురు గౌరితో వచ్చి చేరారు. మొగుడిది ఒక షిఫ్టు, పెళ్లానిది ఒక షిఫ్టు. మొదట్లో గౌరిని చూస్తే మంజులమ్మకు ఒళ్లు మండేది. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పదు, చాక్లెట్టు ఇస్తే చేతిలోది తీసుకుంటుంది గానీ మొహం చూడదు. పెంపకం బాగాలేదు అని తీర్మానించేసింది. మంజులమ్మ తీర్మానాలు ఎప్పుడూ తొందరగానే అయిపోతాయి.

అయితే అదే ఏడాది జూన్‌లో, బడి తెరిచిన రోజున, గౌరి కొత్త యూనిఫారం వేసుకోనని గోల పెట్టింది. చొక్కా తొడగడం, పిల్ల పీకి పారెయ్యడం. కింద షిఫ్టు బస్సు హారన్ కొడుతోంది. నాగవేణి కళ్లలో నీళ్లు. మంజులమ్మ మెట్లెక్కి వెళ్లి, చొక్కా లాక్కుని, కాలరు తిరగేసి చూసింది.

"చొక్కాది కాదమ్మా తప్పు. ఈ లేబులు చూడు, ముల్లు మాదిరి గుచ్చుకుంటా ఉండాది. లోపల కుట్టంతా గరుకు. ఇది వేసుకుంటే నేనైనా ఏడుస్తాను" అంది.

పది నిమిషాల్లో లేబులు కత్తిరించి, లోపలి మడతలను బయటికి తిప్పి కుట్టి, మెడ దగ్గర చెన్నకేశవ పాత పంచె ముక్క మెత్తగా వేసి ఇచ్చింది. గౌరి చొక్కా తొడుక్కుని, మెడ చుట్టూ మూడుసార్లు వేలు తిప్పి చూసుకుంది. ఆ సాయంత్రం బడి నుంచి వస్తూనే నేరుగా వసారాలోకి వచ్చి బటన్ల సీసాల ముందు కూర్చుంది. అప్పటినుంచి రోజూ అంతే. నాగవేణి పని నుంచి వచ్చేదాకా బటన్లను రంగు ప్రకారం, సైజు ప్రకారం, చివరికి బొక్కల లెక్క ప్రకారం వేరు చేస్తుంది. మంజులమ్మకు నలభై ఏళ్లలో రాని పద్ధతి ఆ పిల్ల వారంలో తెచ్చిపెట్టింది.

"డాక్టరు ఆటిజం అన్నారండి" అని నాగవేణి ఒకరోజు బెదురుతూ చెప్పింది. "జబ్బు కాదంట. దాని బుర్ర వేరేగా పని చేత్తదంట."

"వేరేగా పని చేసే బుర్ర మా ఇంట్లోనూ ఒగటి ఉండాది. నలభై ఏండ్లుగా కాపరం చేస్తా ఉండాను" అంది మంజులమ్మ, చెన్నకేశవ వైపు చూడకుండానే. నాగవేణి ఈ ఊరొచ్చాక అంత పెద్దగా నవ్వడం అదే మొదలు.

ఇంట్లో అంతా బాగానే ఉంది. చిక్కంతా బళ్లో వచ్చింది. తమిళనాడే అయినా, అది తెలుగులో చెప్పే చిన్న సర్కారు బడి. రెండో తరగతిలో పదమూడు మంది పిల్లలు. ఈ ఏడు సెప్టెంబరులో, మధ్యాహ్నం భోజనాల తర్వాత, పిల్లలంతా చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగే ఆట ఆడుతుంటే, గోకుల్ అనే పిల్లాడు కొళాయి దగ్గర ఒంటరిగా రాళ్లు పేర్చుకుంటున్న గౌరి చెయ్యి పట్టి ఆటలోకి లాగాడు. లాగింది మంచికే, పాపం. గౌరికి ఎవరైనా చెయ్యి పట్టుకుంటే సహించదు. ఒక్క తోపు తోసింది. గోకుల్ బోర్లా పడ్డాడు, ముందు పన్ను ఊడింది. ఆ పన్ను అంతకుముందు వారం నుంచే ఊగుతోంది, రెండు రోజులాగితే అదే ఊడేది. కానీ గోకుల్ తాత ఆంజప్పకు ఆ లెక్కలు పట్టవు. ఆయన బడికొచ్చి గోరంతను కొండంత చేశాడు. "ఇట్లాంటి పిల్లని మా బిడ్డల నడుమ పెడితే ఎట్ల?" అన్నాడు. ఇంకో ఇద్దరు తల్లులు ఆయన వెనక చేరారు.

ఆ రాత్రి నాగవేణి మేడ దిగి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది.

"క్వార్టర్లీ సెలవులకి ఊరెళ్లి గౌరిని మా అమ్మ దగ్గర ఉంచేత్తామండి. టికెట్లు తీసేశాం. ఇక్కడ దాన్ని ఎవరూ దగ్గరకి రానివ్వట్లేదు."

"మరి నువ్వు?"

"నేనిక్కడే. ఆర్నెల్లకోసారి వెళ్లి చూసొత్తాను. ఏటి చెయ్యమంటారు?" అంటూ పైటకొంగు నోటికడ్డం పెట్టుకుంది.

మంజులమ్మకు కోపం వచ్చింది. అసలు అది కోపం కాదు, దుఃఖం. కానీ ఆవిడకు దుఃఖం వచ్చినా కోపం దారిలోనే బయటికొస్తుంది. ఏడేళ్ల బిడ్డను తల్లి నుంచి విడదీసి రైలు ఎక్కించడమా, ఒక ఊగే పన్ను కోసం? మర్నాడు పొద్దున్నే బడికి వెళ్లి సుధామణి టీచరు మీద పడింది.

సుధామణి నిదానస్తురాలు. అరుపులన్నీ విని, బీరువాలోంచి మూడు బొమ్మల పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టింది. గౌరి లాంటి పిల్లల గురించి, వాళ్లతో స్నేహం గురించి రాసిన పుస్తకాలు. "చదివి వినిపించినానమ్మా. కానీ ఇందులో పిల్లలంతా ఊలు టోపీలు పెట్టుకుని మంచులో ఆడుతున్నారు. మనోళ్లు మంచు గురించే అడిగినారు. ఆ మంచు తింటారా, దాంట్లో చక్కెర వేసుకుంటారా అని. గౌరి సంగతి ఎవరికీ తట్టలేదు. మన బడిది, మన పిల్లలది ఒకటి ఉంటే బాగుండు" అంది.

"గుడ్డతో కుడితే పుస్తకం అవుతుందా?" అని అడిగింది మంజులమ్మ.

"ఎందుకు కాదు?"

ఇంటికొచ్చి సంగతి చెబితే చెన్నకేశవ నెత్తి గోక్కున్నాడు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అన్నాడు. మంజులమ్మ ఆయనకు ఆ పూట చారు మాత్రం పోసి ఊరుకుంది.

సెలవులకు ఇంక మూడు వారాలే ఉంది. పెళ్లి జాకెట్లన్నీ పక్కకు జరిగిపోయాయి. మిగిలిన యూనిఫారం గుడ్డ, లంగాల గుడ్డ, లోపల గట్టిగా నిలబడడానికి కాలర్లలో వేసే బక్రం. పుటకు పలక అంత వెడల్పు. పిల్లల బొమ్మలు మాత్రం పుటలకు అంటించలేదు. వేలెడంత గుడ్డబొమ్మలు కుట్టి, వీపున టిచ్ బటన్ పెట్టింది, జాకెట్టుకు పెట్టేవే. పుటల మీద జత బటన్లు అక్కడక్కడ కుట్టింది. బొమ్మను నొక్కితే అంటుకుంటుంది, లాగితే వస్తుంది. చదివేటప్పుడు పిల్లలు ఎవరి బొమ్మను వాళ్లు ఒక పుటలోంచి ఇంకో పుటలోకి నడిపించుకోవచ్చు.

బొమ్మల కోసమని టేపు మెడలో వేసుకుని బడికి పోయి పదమూడు మందినీ కొలుచుకొచ్చింది. వేలెడు బొమ్మకు నడుం కొలత ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. కొలవకుండా కత్తెర పట్టుకునే అలవాటు ఆవిడకు లేదు, అంతే. గోకుల్ వసారాకే వచ్చి నిలబడ్డాడు.

"అవ్వా, నా బొమ్మకి పన్ను పెట్టద్దు. ఊడింది ఊడినట్లే చూపించు" అన్నాడు. ఆ పంటి సందంటే వాడికి ఎంత గర్వమో. మంజులమ్మ తెల్లదారంతో నోరు కుట్టి, మధ్యలో నల్లదారంతో ఒక చుక్క పెట్టింది.

సుధామణి మాటలు రాసిచ్చింది, మంజులమ్మ వాటిని గొలుసుకుట్టుతో పుటల మీద కుట్టింది. మొదటి పుటలో బడి గంట. 'గౌరికి గంట మనకంటే గట్టిగా వినబడుతుంది. అందుకే చెవులు మూసుకుంటుంది.' ఆ తర్వాత, 'పిలిస్తే గౌరి చూడదు. కానీ వింటుంది.' ఇంకో పుటలో చొక్కా లేబులు, నిజం లేబులే. పిల్లలు వేలు పెట్టి గరుకు చూసుకోవాలని. కొళాయి పుటలో భోజనం ప్లేట్లు కడుక్కునే వరస, అందుకని బటన్లు కూడా ఒకే వరసలో. ఒక్కో పుట అవుతుంటే గౌరి పక్కన కూర్చుని చూసేది, ఏమీ అనేది కాదు. ఒక బటన్ వంకరగా ఉంటే మాత్రం వేలు పెట్టి చూపించేది. మంజులమ్మ జన్మలో మొదటిసారి ఒకరు చెప్పిన తప్పును నోరెత్తకుండా సరిదిద్దింది.

చివరి పుటను మాత్రం ఎవరికీ చూపించలేదు, గౌరికి కూడా. అదే ఆవిడ చేసిన పొరపాటు. ఆ పుటలో పిల్లలంతా చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడతారు, నట్టనడుమ గౌరి నవ్వుతూ ఉంటుంది. 'గౌరి అందరితో కలిసిపోయింది' అని కింద ఎర్రదారంతో రాత. మిగతావాళ్ల బొమ్మలకు టిచ్ బటన్లే. ఆ పుట కోసం గౌరికి ప్రత్యేకంగా ఇంకో బొమ్మ చేసి, బటన్ లేకుండా, చుట్టూ డబుల్ కుట్టు వేసి బిగించేసింది. ఎక్కడ ఊడి పక్కకు పడిపోతుందోనని భయం. ఆ పిల్ల అక్కడే, అందరి నడుమ ఉండాలి. దారం పంటితో తెంపుతూ మంజులమ్మ కళ్లు తుడుచుకుంది.

పుస్తకం చదివే రోజున సుధామణి పెద్దవాళ్లనూ రమ్మంది. సెలవులకు ఇంక వారమే ఉంది. ఆంజప్ప చేతులు కట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. నాగవేణి అర షిఫ్టు సెలవు పెట్టి వచ్చింది, టీసీ అడగడానికి కాగితం కూడా రాసి తెచ్చుకుంది. పిల్లలు పుస్తకం చుట్టూ మూగారు. గంట పుట రాగానే అందరూ చెవులు మూసుకున్నారు. లేబులు పుటను తాకి తాకి, ఒకడు తన కాలరు తిరగేసి, "నాకూ గుచ్చుకుంటా ఉంది, ఇన్ని రోజులు నాకే తెలీలేదు" అన్నాడు. గోకుల్ తన బొమ్మ నోరు అందరికీ చూపించి వచ్చాడు. మంజులమ్మ గోడకు ఆనుకుని నిలబడి, ఇంట్లో చెన్నకేశవకు ఏమేం చెప్పాలో అప్పుడే సిద్ధం చేసుకుంటోంది.

చివరి పుట తెరిచారు. పిల్లలు తమ బొమ్మలను గుండ్రంగా నొక్కారు. గౌరి లేచి వచ్చింది. చేతిలోని బొమ్మను పక్కన పెట్టి, నడుమ ఉన్న తన రెండో బొమ్మను పట్టుకుని లాగింది. రాలేదు. గట్టిగా లాగింది. మంజులమ్మ కుట్టు ఊడుతుందా? పిల్ల మొహం ఎర్రబడింది. రెండు చేతులతో లాగి లాగి, నేల మీద కూలబడి, చెవులు మూసుకుని పెద్దగా ఏడవసాగింది.

"చూసినారా, నేను చెప్పలేదా" అన్నాడు ఆంజప్ప కిటికీ దగ్గర్నుంచి.

నాగవేణి కాగితం చేతిలో నలిపేస్తూ లేచింది. గోకుల్ పుస్తకం దగ్గర వంగి, బొమ్మ అంచు గోటితో గీకి చూసి, ఆవిడ వైపు తిరిగాడు.

"అవ్వా, ఎందుకు కుట్టేసినావు? విప్పు. గౌరికి చెయ్యి పట్టుకుంటే గిట్టదు. నేను పట్టుకున్నాను గదా, పన్ను పోయింది" అన్నాడు. వాడి గొంతులో ఫిర్యాదు లేదు, తెలియనివాళ్లకు తెలియజెప్పడమే.

మంజులమ్మకు సిగ్గేసింది. పన్ను కథ ఊరందరికీ తనే చెప్పింది. ఆ పన్ను ఎందుకు ఊడిందో మాత్రం తన బుర్రకెక్కలేదు. గౌరికి ఏం కావాలో చూసి కాదు, గౌరి ఎలా ఉంటే తన కళ్లు చల్లబడతాయో అలా కుట్టింది. లేబులు గుచ్చుకుంటుందని కనిపెట్టిన మనిషే, పిల్లను తీసుకెళ్లి పన్నెండు మంది నడుమ బిగించి పెట్టింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని తనను తానే తిట్టుకుంటూ నేల మీద చతికిలబడి, నడుం సంచిలోంచి చిన్న కత్తెర తీసింది.

నలుగురి ముందు తన కుట్టు తానే విప్పడం మంజులమ్మకు అదే మొదటిసారి. డబుల్ కుట్టు కదా, తొందరగా రాదు. ఒక్కో పోగూ తెంపుతుంటే గదంతా చూస్తోంది. గౌరి ఏడుపు కూడా నెమ్మదించి, కత్తెర వైపు చూపు తిరిగింది. బొమ్మ ఊడి వచ్చాక, దాని వీపున ఒక టిచ్ బటన్ కుట్టి, నేల మీద గౌరికి అందేంత దూరంలో పెట్టింది. చేతికి ఇవ్వలేదు.

గౌరి బొమ్మను తీసుకుంది. పుటలు వెనక్కి తిప్పుకుంటూ కొళాయి పుట దాకా వెళ్లి, వరస చివరి బటన్‌కు నొక్కింది. టిక్కుమని శబ్దం. ఊపిరి పీల్చుకుని కూర్చుంది.

గోకుల్ చివరి పుటలోంచి తన బొమ్మ ఊడదీసి తెచ్చి, గౌరి బొమ్మ పక్క బటన్‌కే నొక్కాడు. గౌరి దాన్ని తీసి, రెండు బటన్లు వదిలి, ఆ తర్వాతి దానికి నొక్కింది. "ఈడనా? సరే" అన్నాడు గోకుల్. తన చోటేదో తెలిసిపోయినట్టు, తనూ జరిగి, గౌరికి రెండు మూరల దూరంలో నేల మీద కూర్చున్నాడు. తర్వాత ఇంకో పిల్ల బొమ్మ తెచ్చి, "నాది యాడ?" అని అడిగింది. గౌరి వేలు పెట్టి చూపించింది. మిగిలినవాళ్లు వెళ్లి గుండ్రంగానే ఆడుకున్నారు. వాళ్ల ఆట వాళ్లది.

ఆంజప్ప చాలాసేపు చూశాడు. "మావోడు ఇంట్లో ఒగ చోట అర నిమిషం కూర్చోడు. ఆ పిల్ల ఏం మంత్రమేసిందో ఏమో" అని గొణిగి వెళ్లిపోయాడు. క్షమాపణ చెప్పే మనిషి కాదాయన, అంతకంటే ఆశించకూడదు. మంజులమ్మ పుస్తకం ఇంటికి తెచ్చి ఎర్రదారం రాత కూడా విప్పేసింది. దాని చోట ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలేసింది.

ఆ వారమంతా మధ్యాహ్నాలు కొళాయి దగ్గర రెండు రాళ్ల వరసలు కనిపించాయట. ఒకటి గౌరిది, రెండు మూరల అవతల ఇంకోటి గోకుల్‌ది. మాటలేమీ ఉండవట. సుధామణి చెబితే మంజులమ్మ విని సంతోషించింది. కానీ రైలు టికెట్లు రైలు టికెట్లే. టీసీ కాగితం కొత్తగా రాసి నాగవేణి టీచరుకు ఇచ్చేసింది. వారం రోజుల ఆటను నమ్మి బిడ్డను ఎలా ఉంచుకుంటుంది? మంజులమ్మ కూడా ఆవిడను తప్పు పట్టలేకపోయింది.

రైలు శనివారం. శుక్రవారం సాయంత్రం నాగవేణి పనినుంచి వచ్చి వసారా మెట్టు మీద కూర్చుంది. గౌరి బటన్లు వేరు చేస్తోంది. మంజులమ్మ మిషను తొక్కుతూ, వినపడనట్టు ఉండడానికి ప్రయత్నిస్తోంది.

"గౌరీ, రేపు రైలెక్కుతాం కదమ్మా. అమ్మమ్మ దగ్గరికి. ఇంక నువ్వు అక్కడే ఉంటావు. అక్కడే బడి" అంది నాగవేణి.

గౌరి తల ఎత్తలేదు. నాలుగు బొక్కల తెల్ల బటన్లు ఒక పక్కకు తోసింది. రెండు బొక్కలవి ఇంకో పక్కకు.

"గోకుల్ ఒక్కడే అయిపోతాడు" అంది.

మంజులమ్మ కాలు ఆగింది.

"ఏటమ్మా?" అంది నాగవేణి.

"కొళాయి దగ్గర. గోకుల్ ఒక్కడే అయిపోతాడు" అని మళ్లీ చెప్పి, గౌరి తన పనిలో పడింది.

నాగవేణి రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి నాగవేణి ముక్కు తుడుచుకుని ఫోను తీసి భర్తకు కలిపింది.

"ఏవండీ, టికెట్లు కేన్సిల్ చేసెయ్యండి. లేదు, అందరం బాగానే ఉన్నాం. గౌరి రావడానికి కుదరదండి. బళ్లో దానికోసం ఒకడు ఎదురుచూత్తంటాడు."